చిన్న ట్రాక్టరు: గేరు బండి మేలా, హైడ్రోస్టాటిక్ మేలా?



గంగావతి, సింధనూరు, సిరుగుప్ప ప్రాంతాల్లో వరి కోతలు చూసినవారికి రబ్బరు పట్టాల మీద నడిచే కోతయంత్రం కొత్త కాదు. దాన్ని నడిపే మనిషిని గమనించే ఉంటారు. మాటిమాటికీ క్లచ్ తొక్కడు, గేరు మార్చడు. ఒకే పిడిని ముందుకు తోస్తే యంత్రం ముందుకు, వెనక్కు లాగితే వెనక్కు నడుస్తుంది. దానిమ్మ తోట ఉన్న మిత్రుడొకాయన ఈ మధ్య నన్నడిగాడు: "మేష్టారూ, నాకు మోకాళ్ళ నొప్పులు. అప్పు చేసి చిన్న ట్రాక్టరు కొనబోతున్నాను. ఆ సౌకర్యం ఉన్న బండే చూసుకోవద్దా?" ఆయనకు చెప్పిన సంగతులే ఇవాళ మీకూ చెబుతాను.

గేరు బండి మనకు తెలిసిందే. ఇంజను బలం పళ్ళచక్రాల ద్వారా బండి చక్రాలకు చేరుతుంది. గేరు మార్చాలంటే క్లచ్ తొక్కి ఆ బలాన్ని కాసేపు విడదీయాలి. హైడ్రోస్టాటిక్ పద్ధతిలో మధ్యన నూనె పని చేస్తుంది. ఇంజను ఒక పంపును తిప్పుతుంది. పంపు నూనెను గట్టి ఒత్తిడితో ఒక మోటారులోకి తోస్తుంది. ఇది కరెంటు మోటారు కాదు, నూనె ఒత్తిడికి తిరిగేది. పెడల్ నొక్కినకొద్దీ పంపులోని పలక ఒకవైపు వాలి, నూనె ఎక్కువ పారి, వేగం పెరుగుతుంది. పలక రెండో వైపు వాలితే నూనె ఎదురు పారి బండి వెనక్కు నడుస్తుంది.

ఇక్కడ చిన్న లెక్క వేద్దాం. ఎకరమంటే సుమారు 4,000 చదరపు మీటర్లు. మీటరు వెడల్పు రోటవేటర్‌తో ఎకరం దున్నాలంటే బండి 4,000 మీటర్లు నడవాలి. సాలు 200 మీటర్లుంటే 20 సాళ్ళు. 50 మీటర్లే ఉంటే 80 సాళ్ళు. ఇరుకు తోటలో ఒక్కో మలుపుకు మూడుసార్లు క్లచ్ తొక్కినా, ఎకరానికి 240 సార్లు. అలాంటి చోట హైడ్రోస్టాటిక్ కాలికి సుఖం.

మందు కొట్టేటప్పుడు మరో లాభం ఉంది. పి.టి.ఓ. సాధారణంగా నిమిషానికి 540 చుట్లు తిరగాలి. ఒంటి క్లచ్ బండిలో క్లచ్ తొక్కితే పి.టి.ఓ. కూడా ఆగిపోతుంది. హైడ్రోస్టాటిక్‌లో ఇంజను వేగం తగ్గించకుండానే బండి నడక తగ్గించవచ్చు. మందు ధార తగ్గదు.

మరి నష్టమేమిటి? నూనెను తోయడంలో, అది వేడెక్కడంలో కొంత బలం పోతుంది. గేర్లలో నూటికి పది పాళ్ళు అటూ ఇటుగా పోతే, హైడ్రోస్టాటిక్‌లో ఇరవై నుంచి ముప్పై దాకా పోవచ్చు. ఇరవై హెచ్.పి. బండికి ఇది చిన్న విషయం కాదు. అయితే ఈ నష్టం ముఖ్యంగా చక్రాలకు వెళ్ళే బలంలోనే. పి.టి.ఓ.కు వెళ్ళే బలం పళ్ళచక్రాల దారినే పోతుంది కనుక రోటవేటర్ పనికి దెబ్బ తక్కువ. నాగలి, గొర్రు, నిండు ట్రాలీ లాగేటప్పుడు మాత్రం తేడా బాగా తెలుస్తుంది. డీజిలూ ఎక్కువ తాగుతుంది.

ఇక మరమ్మతు. క్లచ్ ప్లేటు అరిగితే మన తాలూకా మేస్త్రీ విప్పి బిగిస్తాడు. హైడ్రోస్టాటిక్ పంపుకు దుమ్మే శత్రువు. చెప్పిన నూనే పోయాలి, ఫిల్టరు గడువుకు మార్చాలి, చెడితే తెలిసిన మనిషి కావాలి. బ్యాటరీ దిగిపోతే గేరు బండిని నలుగురూ తోసి స్టార్టు చేయవచ్చు, దీన్ని అలా చేయలేం.

మన దేశంలో అమ్మే చిన్న ట్రాక్టర్లు దాదాపు అన్నీ గేరువే. అమెరికాలో ఇళ్ళ దగ్గర గడ్డి కోయడానికి, ముందు బొచ్చెతో మట్టి ఎత్తిపోయడానికి వాడే చిన్న బండ్లలో హైడ్రోస్టాటిక్ ఎక్కువ. ఆ పనుల్లో ముందుకూ వెనక్కూ తిరగడమే ఎక్కువ, లాగుడు తక్కువ.

అందుకే మా మిత్రుణ్ణి ఒకటే అడిగాను: "అన్నా, ఏడాదిలో నీ బండి తోటలో తిరిగే గంటలెన్ని, ట్రాలీ లాగే గంటలెన్ని?" కాగితం మీద రాసి చూస్తే సగానికి మించి లాగుడు పనే తేలింది. పైగా అప్పు కంతులు కట్టాలంటే పక్క చేలు బాడుగకు దున్నాలి. గేరు బండే కొనమన్నాను. అయితే క్లచ్ జంటది కావాలి. ముందుకూ వెనక్కూ ఒకే పిడితో సులువుగా మారే షటిల్ గేరు ఉంటే మరీ మంచిది. దాంతో మోకాలికి కొంతైనా ఊరట.

మీరూ అలాగే రాసుకోండి. కొనేముందు బండిని అంగడి ముందు కాదు, మీ చేనులో, మీ సాళ్ళ మధ్య గంటసేపు నడిపి చూడండి. పక్కవాడు కొన్నాడని కొన్న బండికి కంతులు కట్టేది మనమే.