గుండె లెక్కను సరిచూడటం



పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్లు ముందుగా అడిగేది, బ్యాటరీ ఎన్నేళ్లు వస్తుందని. దానికంటే ముందు అడగాల్సింది ఇంకోటి ఉంది. ఈ యంత్రం నా గుండె చప్పుడును సరిగ్గా గుర్తుపడుతోందా?

1958 అక్టోబర్ 8న స్టాక్‌హోమ్‌లో ఆర్నె లార్సన్ ఒంట్లో మొట్టమొదటి పేస్‌మేకర్ అమర్చారు. అది గుండెను గమనించేది కాదు, ఒకే వేగంతో కరెంటు ఇస్తూ పోయేది. ఇప్పటివి ముందు చూస్తాయి. గుండె తనంతట తాను కొట్టుకుంటే ఊరుకుంటాయి, లేకుంటేనే కరెంటు ఇస్తాయి. చూడటంలో తప్పు జరిగితే వైద్యమే తప్పుతుంది.

గుండె కింది గదిలోంచి తీగ ద్వారా వచ్చే సంకేతం కొన్ని మిల్లీవోల్టులే. ఎంతకు మించితే చప్పుడుగా లెక్కించాలో డాక్టర్లు ఒక హద్దు పెడతారు. హద్దు ఎక్కువైతే అసలు చప్పుడు తప్పిపోతుంది. తక్కువైతే ఛాతీ కండరం కదిలినా గుండె కొట్టుకుందనుకుని యంత్రం ఆగిపోతుంది. పూర్తిగా యంత్రం మీదే ఆధారపడ్డ మనిషి అక్కడే కళ్లు తిరిగి పడిపోవచ్చు. గుండె మితిమీరిన వేగంతో కొట్టుకుంటే షాక్ ఇచ్చే ఐసీడీ అనే యంత్రంలో అయితే ఒక్క చప్పుడును రెండుగా లెక్కపెడితే నిమిషానికి 80 కాస్తా 160 అవుతుంది, అవసరం లేని షాక్ తగలవచ్చు. ఆ బాధ మామూలుది కాదు.

గుండె చప్పుళ్లను గుర్తించే పద్ధతులను పరీక్షించడానికి 1980లో అమెరికాలో 47 మంది ఈసీజీలను అరగంట చొప్పున, మొత్తం 48 రికార్డులుగా అందుబాటులోకి తెచ్చారు. ఒక్కో చప్పుడునూ డాక్టర్లు విడివిడిగా గుర్తు పెట్టి, తేడాలు వచ్చినచోట కూర్చుని తేల్చుకున్నారు. ఉన్న చప్పుళ్లలో ఒక పద్ధతి ఎన్ని పట్టుకుంది, పట్టుకున్నవాటిలో ఎన్ని నిజం? ఈ రెండూ చూడాలి. నూటికి 99 అంటే మనకు గొప్పగా వినిపిస్తుంది. కానీ గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. అంటే తప్పులు వెయ్యి! పైగా ఆ ఈసీజీలు ఒంటిపై నుంచి తీసినవి, గుండె లోపలి సంకేతం తీరు వేరు. అందుకే మీ గుండెలోనే మళ్లీ చూసి తీరాలి.

కర్నూలుకో హైదరాబాద్‌కో చెకప్‌కు పోయినప్పుడు ఈసీజీని, యంత్రం పెట్టిన గుర్తులను పక్కపక్కన చూస్తారు. రెండు అరచేతులు గట్టిగా ఒత్తమని, చెయ్యి ఎత్తమని అంటే విసుక్కోకండి. కండరం కదలికకు యంత్రం మోసపోతుందేమో చూసే పరీక్ష అది.

మన నడిగడ్డ ప్రాంత రైతులకు ముఖ్యమైన మాట. ఎర్తింగ్ సరిగా లేని బోరు మోటారు నుంచి ఒంట్లోకి లీకయ్యే కరెంటు, మనకు తెలియనంత కొద్దిదైనా, యంత్రానికి గుండె చప్పుడులా కనిపించవచ్చు. ఎర్తింగ్ చేయించండి, తడిచేత్తో స్టార్టర్ ముట్టకండి. అక్కడ తల తిరిగితే వెంటనే దూరం జరిగి, తేదీ, టైము రాసిపెట్టుకొని డాక్టరుకు చెప్పండి. ఆ టైముకు యంత్రంలో నిలిచిన రికార్డు ఏదైనా ఉంటే తీసి, అది గుండెదో మోటారుదో వాళ్లు తేలుస్తారు.