పరీక్షలకు పునశ్చరణము



పదవ తరగతి పరీక్షలో తప్పిన బాలుని మందబుద్ధి యని నిందించుట పరిపాటి. ఆ నిందకు వెఱచి చదువు మానువారును గలరు. పెక్కుమారులు లోపము బుద్ధిలో గాక, చదివిన తీరులో నుండును.

మరల మరల చదువుటచే పాఠము పరిచితముగా తోచును. కాని పరిచయము వేఱు, జ్ఞాపకము వేఱు. 2006లో రోడిగర్, కార్పికీ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించి ప్రకటించిరి. పాఠమును రెండుమారులు చదివినవారే ఐదు నిమిషముల పిమ్మట మిన్నగా నుండిరి. వారము గడచునప్పటికి వారికి నూటికి 42 పాళ్లు మాత్రమే నిలిచెను. ఒకమారు చదివి, పిదప చూడక వ్రాసినవారికి 56 పాళ్లు నిలిచెను.

కావున విద్యార్థి చదివిన పిదప పుస్తకము మూసి వ్రాయవలెను. సరిచూచుకొని, తప్పినచోటు మరల చదువవలెను. మఱునాడును, వారమునకును అట్లే చేయవలెను. లెక్క చూచిన రాదు, చేసిననే వచ్చును. పరీక్ష ముందురాత్రి జాగరణము తగదు. చదివినది స్థిరపడుటకు నిద్రయు నావశ్యకము.

పాఠము అప్పగించు మన పూర్వాచారమందు ఈ మర్మమే కలదు. గ్రంథాలయమున సాయంకాలము పిల్లలు ఒకరి కొకరు పాఠములు అప్పగించుకొనుటకు ఒక బల్ల, ఒక దీపము చాలును.