బాబాసాహెబ్ ఆకలిని ఆదర్శం చేయకండి

(విదేశీ చదువులకు వెళ్తున్న విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వీసా, బ్యాంకు కాగితాలు, టికెట్ల గురించి ముందు మాట్లాడినవాళ్లు చెప్పేశారు. నేను తిండి గురించి, గది గురించి, ఒక కప్పు కాఫీ గురించి మాట్లాడతాను.

పోయిన చలికాలంలో మా పాత విద్యార్థిని ఒకమ్మాయి ఫోన్ చేసింది. చదువు బాగానే సాగుతోందట. "కానీ మేడమ్, బయట కాఫీ కొనుక్కున్న ప్రతిసారీ అమ్మ రోజు కూలి గుర్తొస్తోంది. తాగబుద్ధి కావట్లేదు" అంది. కాసేపాగి, "బాబాసాహెబ్ పస్తులుండి చదివారు కదా" అని కూడా అంది. ఆ రెండో మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే అది ఆమెకు నేర్పింది మనమే. మన సభల్లో ఆయన అర్ధాకలి కథ చెప్పీ చెప్పీ, ఆకలే చదువుకు అర్హత అన్నట్టు తయారుచేశాం.

అసలేం జరిగిందో చూడండి. ఆయన 1913 జూలైలో న్యూయార్క్ చేరారు. బరోడా సంస్థానం మూడేళ్ల పాటు నెలకు పదకొండున్నర పౌండ్లు ఇచ్చేలా ఒప్పందం. అందులోంచే బొంబాయిలో రమాబాయికి కొంత పంపాలి. ధనంజయ్ కీర్ రాసిన జీవితచరిత్రలో ఆయన భోజనం గురించి ఉంది: ఒక కప్పు కాఫీ, రెండు మఫిన్లు, చేపో మాంసమో ఏదో ఒక వంటకం. మిగిల్చిన డబ్బంతా పాత పుస్తకాలకు పోయేది. దాదాపు 2,000 పుస్తకాలు పోగుచేశారు. లివింగ్‌స్టన్ హాల్‌లో నావల్ భతేనా అనే పార్సీ విద్యార్థి ఆయనతో కలిసి ఉన్నాడు. ఆ స్నేహం జీవితాంతం నిలిచింది. న్యూయార్క్ రోజులు ఇరుకైనవే కానీ, దుర్భరమైనవి కావు.

లండన్ వేరు. 1920లో రెండోసారి వెళ్లినప్పుడు వెనక ఏ స్కాలర్‌షిప్పూ లేదు. సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి దాచుకున్న జీతం, శాహూ మహారాజ్ సాయం, భతేనా దగ్గర అప్పు, అంతే. బోర్డింగ్ హౌస్‌లో ఒక రొట్టె ముక్క, కప్పు బోవ్రిల్ లాంటి తిండే. బోవ్రిల్ అంటే గొడ్డు మాంసం సారం, వేడినీళ్లలో కలుపుకుని తాగుతారు. రోజంతా బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయం. మధ్యాహ్న భోజనం లేదు. రాత్రి పొద్దుపోయాక ఆకలి ఆగకపోతే, తెలిసినవాళ్లిచ్చిన అప్పడాలు రేకు మీద కాల్చుకుని, కప్పు పాలతో తినేవారు. ఆ అప్పడాలు ఆయనకు ఎంత ఓదార్పో, పరాయి దేశంలో చింతకాయ పచ్చడి డబ్బా మూత తీసినప్పుడు మీకే తెలుస్తుంది.

ఇందులో ఆదర్శం ఏముంది? డబ్బు చాలలేదు. 1923లో పరీక్షకులు డీఎస్సీ థీసిస్‌ని తిరగరాయమన్నప్పుడు కూడా చేతిలో డబ్బు అయిపోయింది. బొంబాయి తిరిగొచ్చి, ఇక్కడ సవరించి పంపారు. అంటే ఆ లేమి ఆయన చదువుకు అడ్డం పడింది. ఆయన దాన్ని దాటారు. దాటినవాడి గొప్పతనాన్ని అడ్డంకికి అంటగట్టడం ఏం న్యాయం?

ఇలా చెప్పుకోవడం వల్ల లాభపడేది ప్రభుత్వాలు. ఎస్సీ విద్యార్థుల జాతీయ విదేశీ స్కాలర్‌షిప్‌లో బ్రిటన్‌కు వెళ్లేవాళ్లకు చాలా ఏళ్లు ఏడాదికి 9,900 పౌండ్ల జీవనభృతి ఇచ్చారు. నెలకు 825. అదే 2024లో లండన్‌లో చదివే విద్యార్థికి నెలకు 1,334 పౌండ్లు ఖర్చవుతుందని బ్రిటన్ వీసా నిబంధనలే లెక్కగట్టాయి. ఈ తేడాని ఎవరి కడుపు కట్టి పూడ్చాలి? (ఇంకో మాట. 2022 నుంచి ఈ పథకంలో భారతీయ సంస్కృతి, చరిత్ర, భారత సమాజం మీద పరిశోధనలకు చోటు లేదు. 1916లో కొలంబియాలో 'కాస్ట్స్ ఇన్ ఇండియా' చదివిన విద్యార్థి ఇవాళ దరఖాస్తు చేస్తే ఏమయ్యేదో మీరే ఆలోచించండి.)

తిండి కంటే పెద్ద సుఖం ఇంకోటుంది. ఎవరూ మన పుట్టుక అడగని గది. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో బాబాసాహెబ్ రాశారు: విదేశాల్లో ఉన్న కాలం తాను అంటరానివాణ్ణన్న స్పృహనే తుడిచేసిందట. 1917లో బరోడా స్టేషన్‌లో దిగాక ఎక్కడ ఉండాలన్న ప్రశ్న మళ్లీ ఎదురైంది. పేరు మార్చుకుని పార్సీ సత్రంలో దిగితే, కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. హైదరాబాద్‌లో అద్దె గది కోసం తిరిగినవాళ్లకు, ఇంట్లో కూర వాసన బయటికి రాకుండా కిటికీలు మూసుకున్నవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కడ సూపర్ మార్కెట్‌లో బీఫ్ అందరితోపాటు వరుసలో నిలబడి కొనుక్కుంటారు. వండేటప్పుడు కిటికీ తెరిచే ఉంచొచ్చు. ఎండు తునకలు మాత్రం సూట్‌కేసులో పెట్టకండి, విమానాశ్రయంలో తీసేసుకుంటారు.

అయితే పక్క గదిలో మనవాళ్లే ఉంటే? "మీ ఇంటిపేరేంటి? ఏ ఊరు? ఊళ్లో ఎటువైపు?" అన్న ప్రశ్నలు విమానం ఎక్కి అక్కడికీ వచ్చాయి. సియాటిల్ నగరం 2023లో కులవివక్షను నిషేధించింది ఊరికే కాదు. తక్కువ అద్దె అని తెలియని తెలుగు గుంపులో చేరేముందు, అక్కడి అంబేద్కరైట్ సీనియర్లని ఒకసారి అడగండి. వంట వంతులు, ఫ్రిజ్‌లో అర, ఏం వండొచ్చు ఏం వండకూడదు, ఇవన్నీ అడ్వాన్సు కట్టకముందే తేల్చుకోండి.

ఆ అమ్మాయికి నేను చెప్పింది ఇదే. నీకొచ్చే భృతిలో కాఫీ కూడా ఉంది, పుస్తకాలెంతో అదీ అంతే. తాగు. అమ్మకు పంపాలనుంటే నెల మొదట్లోనే ఒక మొత్తం అనుకుని పంపు, మిగిలింది లెక్క చూసుకోకుండా తిను. భృతి ఆలస్యమైతే పస్తులుండి ఊరుకోవద్దు. యూనివర్సిటీ హార్డ్‌షిప్ ఫండ్‌కి దరఖాస్తు పెట్టు, ఇక్కడ మాకు రాయి, మేం ఢిల్లీకి రాస్తాం.

దరఖాస్తు నమూనాలు ఆ చివరి బల్ల మీద ఉన్నాయి, తీసుకోండి. ప్రశ్నలుంటే ఇప్పుడు అడగండి.