పిల్లల పోటీలు – బహుమతుల లెక్క

మేము చదివింది ఎనిమిదో తరగతి. సంఘం పద్దులు రాసుకుంటానే ఈ వయసుకొచ్చినాము. మాటలో తప్పుంటే సర్దుకోండి.

పోయిన ఆగస్టు 7న, చేనేత దినం నాడు, ఇక్కడే దోణిమలైలో పిల్లలకు బొమ్మల పోటీ పెట్టినాము. ‘మా ఇంటి మగ్గం’ గీయమన్నాము. 36 మంది వచ్చినారు. మొదటి బహుమతి వెయ్యి, రెండోది ఐదొందలు, మూడోది మూడొందలు. మూడూ గని కాలనీ పిల్లలకే పోయినాయి. వాళ్ళ తప్పేమీ లేదు. మగ్గం వదిలి గనిలో కొలువుకు చేరిన మనవాళ్ళ బిడ్డలే వాళ్ళు. రంగుల పెట్టెలున్నాయి, డ్రాయింగు నేర్పే సారున్నాడు, బాగా గీసినారు.

మూడో తరగతి పాప ఒకతి ఉత్త పెన్సిలుతో వచ్చింది. మగ్గమంతా గీయలేదు. గుంట, అందులో రెండు కాళ్ళు, కాళ్ళ కింద తొక్కుడు కర్రలు, అంతే. రోజూ గుంట అంచున కూర్చుని నాయనకు కండెలు అందించే బిడ్డకు కనపడేది అదే కదా! బొమ్మ పూర్తి కాలేదని పక్కన పెట్టినారు. పెట్టిన ముగ్గురిలో మేమూ ఒకరం. పోతా పోతా ఆ పాప, “తాతా, మా నాయన కాళ్ళు తప్పుగా వేసినానా?” అనడిగింది. మాకు జవాబు రాలేదు.

సంఘంలో మనమెట్లా చేస్తాము? 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో నేతగాళ్ళ సంఘం పెట్టినారు. అట్లాంటి సంఘాలను చూసే మనమూ నడిచినాము. నూలిస్తాము, బట్ట తీసుకుంటాము. పొడవు, వెడల్పు, నేత సరిగ్గా ఉంటే కూలి పూర్తిగా ఇస్తాము. పక్కింటాయన ఇంకా బాగా నేసినాడని ఎవరి కూలీ కోయము. పెద్దోళ్ళకు లేని పద్ధతి పిల్లల మీదెందుకు పెట్టినామో!

“అందరికీ ఇస్తే కష్టపడేదెవరు?” అని మా కమిటీలోనే అడిగినారు. అందరికీ పంచమని కాదు. తన చేత్తో గీయాలి, తాను చూసింది గీయాలి, అడిగితే రెండు మాటలు చెప్పాలి. ఈ మూడూ ఉన్న ప్రతి బిడ్డకూ బహుమతి. లేకపోతే, బట్ట తిప్పి పంపేటప్పుడు చెప్పినట్టు, ఎక్కడ తగ్గిందో చెప్పి ఇంకోసారి రమ్మందాము. కాగితం మీద పేరు వద్దు, నంబరు చాలు. ఎవరి పిల్లో తెలిస్తే మన కన్ను అటే పోతుంది, దాపరికమెందుకు. డబ్బూ ఎక్కువ కాదు. ఆ పద్దెనిమిది వందలే 36 మందికీ పంచినా తలా యాభై వస్తుంది.

ఆలేరు దగ్గర చింతకింది మల్లేశంగారు చిన్నప్పుడే బడి మానినాడు. ఆసు పోసీ పోసీ తల్లి భుజం నొప్పి పడుతుంటే చూడలేక యంత్రం కట్టినాడు. 2017లో పద్మశ్రీ ఇచ్చినారు. మా బొమ్మల పోటీకి వచ్చుంటే ఆయనకు మేమేమిచ్చుందుమో?

ఆ పాప బొమ్మను మా ఆఫీసులో పద్దుల బీరువాకు అంటించినాము. వాళ్ళ నాయన నూలుకొచ్చి చూసినాడు. తొక్కుడు కర్రలు సరిగ్గానే వేసిందన్నాడు. ఈ ఆగస్టుకు పిల్చుకొస్తావా అంటే, రానంటోంది, మళ్ళీ అడిగి చూస్తానన్నాడు.