చెరువులో కొరమీను సంసారం



వెంకటగిరికోట ప్రాంతం సముద్రమట్టానికి 2,000 అడుగులకు పైన ఉన్న మెట్ట. పాలారు ఏడాదిలో ఎన్నాళ్లు పారుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. కావున మనకు చేప అంటే చెరువు చేపే. అందులో బొచ్చె, రాగండి, మోసు మనం పిల్లలను తెచ్చి వదిలితేనే ఉంటాయి. నిలవనీటిలో అవి గుడ్లు పెట్టవు. కొరమీను అట్లా కాదు. ఎవరూ వదలకపోయినా చెరువు నిండిన ఏడాది కనబడుతుంది. తమిళం వైపు దీనినే విరాల్ అంటారు. సంతలో ప్రాణంతో ఉన్న కొరమీనుకు వచ్చే ధర మరే చెరువు చేపకూ రాదు. ఇంత విలువైన చేప మన చెరువులలో ఎందుకు తగ్గిపోతున్నదో తెలియవలెనంటే ముందు దాని బ్రతుకు తెలియాలి.

కొరమీనుకు మొప్పలు ఉన్నవి గాని అవి చాలవు. తలలో మొప్పలకు పైన గాలి నింపుకునే అర ఒకటి ఉన్నది. అది కొద్దిసేపటికొకసారి పైకి వచ్చి గాలి మింగి పోవలసిందే. వలలో చిక్కి పైకి రాలేకపోతే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. చేప నీళ్లలో మునిగి చావడమేమిటని నవ్వకండి, నిజమే! ఈ గుణం వల్లనే ఎండాకాలంలో చెరువు ఇంకిపోయినా, ఒళ్లు తడి ఆరనంత వరకు బురదలో బ్రతికి ఉంటుంది. వాన పడిన రాత్రి తడినేల మీద పాకుతూ ఒక కుంటలోనుంచి ఇంకొక కుంటకు పోవడం మీలో కొందరు చూసే ఉంటారు.

దీని ఆహారం మాంసమే. చిన్నపిల్లలు నీటిలో కంటికి ఆనని పురుగులను తింటాయి. పెరిగిన కొద్దీ పురుగులు, తోకకప్పలు, కప్పలు, చిన్నచేపలు. అందుచేత అంగుళం బొచ్చెపిల్లలను తెచ్చి కొరమీనున్న చెరువులో పోస్తే దానికి విందు పెట్టినట్లే. నాలుగు అంగుళాలు దాటిన పిల్లలనే వదలవలెను. దాని తిండివల్ల మేలూ ఉన్నది. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా, మనవాళ్లు జిలేబి అనేది, చెరువంతా పిల్లలతో నింపి ఏదీ ఎదగకుండా చేస్తుంది. ఆ పిల్లలను తిని అదుపులో పెట్టేది కొరమీనే.

ఇక అసలు సంగతి. వానలు పడి చెరువు అంచున గడ్డి మునిగినప్పుడు కొరమీను జత కడుతుంది. లోతు లేని చోట నాచు, గడ్డి తప్పించి చాటంత ఖాళీ చేసుకుంటాయి. అక్కడ పెట్టిన గుడ్లు లేత పసుపురంగులో నీటిమీద తేలుతూ ఉంటాయి. వెచ్చని నీటిలో ఒకటి రెండు రోజులలో పొదుగుతాయి. పిల్లలు నారింజరంగుతో గుంపుగా తిరుగుతుంటే దూరానికి నీటిమీద కుంకుమ చల్లినట్లుంటుంది. ఆ గుంపు కింద తల్లిదండ్రులు, ముఖ్యంగా మగచేప, కాపలా ఉంటుంది. పామును గాని, కప్పను గాని, మరో చేపను గాని దగ్గరికి రానివ్వదు. రంగు మారి, నల్లబడి, రెండంగుళాలు దాటి చెదిరిపోయేదాకా, అంటే నెల పైనే, ఈ కాపలా సాగుతుంది.

ఇదే దాని ప్రాణం మీదికి వస్తున్నది. గాలానికి బ్రతికిన కప్పను గుచ్చి ఎర్రగుంపు మీద ఆడిస్తే, కాపలా చేప ఆకలితో కాదు, కోపంతో వచ్చి పట్టుకుంటుంది. ఒక గంటలో కిలో చేప చేతికి వస్తుంది. మరి పిల్లలు? పొద్దు గూకేలోగా కప్పలకూ, చేపలకూ మేత అయిపోతాయి. ఆ ఒక్క చేపతో వందలకొద్దీ పిల్లలు పోయినట్లే. పట్టినవానికి నేరం చేశాననిపించదు. ఆ గుంపు ఏమయిందో చూడడానికి వాడు మళ్లీ రాడు గదా.

ఇది మన ఊళ్లకే వచ్చిన చిక్కు కాదు. కరీబియన్ సముద్రంలో పగడపు దిబ్బల దగ్గర నాసావ్ గ్రూపర్ అనే పెద్ద చేప ఉన్నది. శీతకాలపు పౌర్ణమి రోజులలో అవి వేలకొద్దీ ఒకే చోట చేరి గుడ్లు పెడతాయి. చోటు తెలిసినవారు ఏటా అక్కడే వేటాడగా చాలాచోట్ల ఆ కూడికలే మాయమైనవి. 2016లో అమెరికా ప్రభుత్వం దానిని ప్రమాదంలో ఉన్న జాతుల పట్టీలో చేర్చింది. కేమన్ దీవులవారు మాత్రం 2003లో గుడ్లు పెట్టే చోట్ల వేట ఆపించారు. లిటిల్ కేమన్ దగ్గర చేప మళ్లీ పెరిగింది. మన తూర్పుతీరంలోనూ ఏప్రిల్ 15 నుండి జూన్ 14 దాకా మరపడవల వేట నిలుపుతున్నారు. చెరువుకు మాత్రం కాపలా మనమే.

వేలం పాడిన సంఘంవారు ఎర్రగుంపు కనబడిన చోట ఒక కర్ర పాతి, అది నల్లబడి చెదిరేదాకా అటువైపు వలా గాలమూ వేయకూడదని కట్టుబాటు చేసుకోవచ్చును. పిల్లలు కావలసినవారు గుంపులో కొంత మాత్రం తీసుకొని, కుంటలో సైజు ప్రకారం వేరుచేసి పెంచవలెను. లేకుంటే పెద్దపిల్ల చిన్నపిల్లను మింగుతుంది. రెండవది, వేసవిలో చివరి మడుగుకు మోటారు పెట్టి తోడి, బురద పిసికి ఉన్నవన్నీ పట్టే అలవాటు. వచ్చే ఏటికి విత్తనం ఆ బురదలో ఉన్నదే. తినే వడ్లు వేరు, విత్తనపు వడ్లు వేరు అని మీకు తెలియనిది కాదు. పూడిక తీసేటప్పుడు ఒక మూల లోతుగా తవ్వి, ఆ మడుగు తోడకుండా వదిలేయండి. కొరమీను తగ్గింది గదా అని ఆఫ్రికా క్యాట్‌ఫిష్ తెచ్చి వదలకండి. దాని పెంపకాన్ని ప్రభుత్వం 2000లోనే నిషేధించింది. అది చెరువులో పడితే మిగిలిన జాతులు కూడా దక్కవు.

చలికాలం మన మెట్టమీద గట్టిగానే ఉంటుంది. నీరు చల్లబడిన నెలల్లో కొరమీను ఒంటిమీద ఎర్రమచ్చలు లేచి పుండ్లు పడే జబ్బు వస్తుంది. ఒక జాతి బూజు వల్ల వచ్చే ఈ రోగం 1988లో ఈశాన్య రాష్ట్రాల మీదుగా మన దేశంలో ప్రవేశించింది. పెద్ద చెరువుకు మందు వేయలేము. సేద్యపు కుంటలో పెంచేవారు చలి ముదరకముందే, మీ కుంట కొలత చెప్పి మత్స్యశాఖవారిని అడిగి తగినంత సున్నం చల్లించండి. పుండ్లు కనబడితే భువనేశ్వరులోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ తయారుచేసిన సిఫాక్స్ మందు ఉన్నది. పుండుపడిన చేపలను ఏరి దూరంగా పూడ్చండి. అవి పట్టిన వలను ఎండలో బాగా ఆరవేసిన తరువాతనే వేరే కుంటలో దించండి.