మాటరాని బిడ్డ



ఏడాది నిండినను పేరు పిలిచిన తిరిగి చూడని బిడ్డను, ఏడాదిన్నరయైనను వేలితో దేనిని చూపని బిడ్డను గన్నచో మనవారు తల్లి పెంపకమునే తప్పుపట్టుదురు. అది అన్యాయము. 1943లో లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలయందు గుర్తించి వర్ణించిన ఆటిజము మెదడు ఎదుగుదలలోని భేదమే కాని, తల్లి దోషము కాదు; గ్రహదోషమును కాదు.

"తాతకును ఆలస్యముగనే మాటలు వచ్చినవి" అని ఏండ్లు గడుపరాదు. ముందుగా చెవి పరీక్ష చేయింపవలెను. జిల్లా సత్వర చికిత్సా కేంద్రములోను, సికింద్రాబాదు మనోవికాసనగరులోని జాతీయ సంస్థలోను బిడ్డను పరీక్షించి, మాట, ఆట, తనంత తాను అన్నము తినుట నేర్పుదురు. మాన్పెదమను మందులకు ధనము పోయవలదు. అట్టి మందు లేదు. ప్రభుత్వపు బడి వీరిని కాదనరాదని 2016 నాటి చట్టము.

ఆ తల్లి జిల్లా కేంద్రమునకు బయలుదేరునాడు మనలో నొకరు తోడు పోవుదముగాక.