మోటుపల్లి: రాతి మీద రాసిన మాట



మా నరసరావుపేటలో సముద్రానికి పోదాం అంటే సూర్యలంక, లేదంటే చీరాల ఓడరేవు. నేనూ చిన్నప్పటి నుంచి అంతే. ఈసారి మాత్రం చిలకలూరిపేట, పర్చూరు మీదుగా చినగంజాం వైపు వెళ్లాను. అక్కడ ఉప్పు మడులు దాటాక, బాపట్ల జిల్లాలో ఒక చిన్న ఊరు. పేరు మోటుపల్లి.

ఇప్పుడు చూస్తే నమ్మరు గానీ, ఒకప్పుడు ఇది కాకతీయుల పెద్ద ఓడరేవు. ఆ రోజుల్లో ఒక దారుణమైన అలవాటు ఉండేది. గాలివానకి ఓడ ఒడ్డుకి కొట్టుకొస్తే, అందులో ఉన్న సరుకంతా అక్కడి రాజుదే! ప్రాణాలతో బయటపడ్డ వర్తకుడు చేతులు ఊపుకుంటూ పోవాల్సిందే.

1244లో గణపతిదేవుడు ఇక్కడ అభయ శాసనం వేయించాడు. ప్రాణానికి తెగించి సముద్రం దాటి వచ్చేవాళ్ల సొత్తు ముట్టుకోం, న్యాయమైన సుంకం ఒక్కటే తీసుకుంటాం అన్నాడు. ఆ సుంకం ఎంతో తెలుసా? ముప్పయ్యో వంతు. కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టు, మిరియాలు... ఏ సరుకుకి ఏ లెక్కో కూడా రాతి మీద చెక్కించాడు. ఆ స్తంభం వీరభద్రస్వామి గుళ్లో ఉంది.

దాని ముందు నిలబడితే నాకు మా నాన్న గుర్తొచ్చాడు. మిర్చి టిక్కీలు లారీకి ఎక్కించి యార్డుకి పోతే, అక్కడికి చేరేదాకా రేటు ఎంతో తెలీదు. తరుగు కింద ఎంత కోస్తారో అసలు తెలీదు. రాత్రంతా బస్తాల మీదే పడుకుని ఆ బెంగతో తెల్లార్చేవాడు. సరుకు ఇల్లు దాటకముందే లెక్క తెలిస్తే ఎంత ధైర్యమో, ఆ బెంగ పడ్డవాడికే తెలుస్తుంది. ఓడ వర్తకులకి గణపతిదేవుడు ఇచ్చింది ఆ ధైర్యమే.

ఆ తర్వాత రుద్రమదేవి కాలంలో మార్కో పోలో ఈ రాజ్యం గురించి రాశాడు. ఈ రేవు పేరే ఆయన నోట్లో ‘ముట్ఫిలి’ అయింది. ఇక్కడి సన్నని నూలు బట్టల్ని, వజ్రాల్ని, రాణి గారి న్యాయమైన పాలనని మెచ్చుకున్నాడు. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి కూడా వర్తకులకి అభయమిస్తూ ఇక్కడే శాసనం వేయించాడు.

ఇప్పుడు ఓడలు లేవు. గుడి, ఇసుక, అలల చప్పుడు, అంతే. ఆ నిశ్శబ్దమే నాకు బాగా నచ్చింది. ఈసారి చీరాల వైపు వెళ్తే ఒక గంట ఇక్కడ ఆగండి. పిల్లల్ని ఆ స్తంభం దగ్గరికి తీసుకెళ్లి, అందులో ఏముందో చెప్పండి. అక్షరాల మీద మాత్రం చెయ్యి పెట్టొద్దు, ప్లీజ్.

మీ ఊళ్లో ఇలాంటి శాసనం ఏదైనా ఉంటే కామెంట్‌లో చెప్పండి, వచ్చి చూస్తాను. మళ్లీ కలుద్దాం, ఉంటానండి.